ఆంక్షలు పడిన దేశంలో ప్రతిపక్షం తన ఓటరుకు ఏమని చెప్పాలి?

గజపతినగరం మాస్టారు

ఒక దేశంలో ప్రభుత్వం ఎన్నికలను తారుమారు చేసి, కోర్టులను లొంగదీసుకొని, పత్రికల నోరు నొక్కినప్పుడు బయటి దేశాలు దానిపై ఆంక్షలు విధించడం గత ముప్పై ఏళ్లలో మనం తరచుగా చూస్తున్నాం. ఆ ఆంక్షలు ఫలిస్తాయా లేదా అన్న దానిపై కావలసినంత చర్చ జరిగింది. నేను అడగదలచినది వేరొకటి. ఆ ప్రభుత్వాన్ని ఎదిరిస్తున్న ప్రతిపక్షం ఆంక్షల గురించి తన ఓటర్లతో ఏమని మాట్లాడాలి? స్వాగతిస్తే దేశద్రోహి అనిపించుకుంటుంది. ఖండిస్తే తనను హింసిస్తున్న వారికే చేయూతనిచ్చినట్టవుతుంది. ఏమీ అనకపోతే ప్రభుత్వం చెప్పిన కథే ఊరూరా నిలిచిపోతుంది. ఈ మూడింటిలో మౌనానికీ, సగం మాటకూ చెల్లించే మూల్యమే ఎక్కువని నా అభిప్రాయం. దానికి జింబాబ్వేను చూపుతాను.

కార్మిక సంఘాల నుంచి ఎదిగిన మోర్గాన్ చాంగిరాయ్ నాయకత్వంలో 1999లో పుట్టిన ప్రతిపక్ష పార్టీ ఎండీసీ (ప్రజాస్వామ్య మార్పు ఉద్యమం), మరుసటి ఏడే ఎన్నికలు జరిగిన 120 స్థానాలలో 57 గెలుచుకొని ముగాబే ప్రభుత్వాన్ని కలవరపెట్టింది. తర్వాత హింస పెరిగింది. 2001 డిసెంబరులో అమెరికా ఒక ప్రత్యేక చట్టం చేసింది; 2002 ఫిబ్రవరిలో ఐరోపా సమాఖ్య ముగాబేపైనా ఆయన సన్నిహితులపైనా ప్రయాణ నిషేధం విధించి, ఆస్తులను స్తంభింపజేసింది. ఎండీసీ నాయకులు చాలాకాలం ఇచ్చిన వివరణ ఒక్కటే: ఇవి కొందరు వ్యక్తులపై పెట్టినవి, దేశానికి వీటితో నష్టం లేదు. ఐరోపా చర్యల విషయంలో అది చాలావరకు నిజం. అయితే అమెరికా చట్టం, అంతర్జాతీయ ద్రవ్యనిధిలోనూ ప్రపంచ బ్యాంకులోనూ జింబాబ్వేకు కొత్త రుణాలను, రుణమాఫీని వ్యతిరేకించాలని తన ప్రతినిధులను ఆదేశించింది. ఈ సంగతిని ప్రజలకు ముందుగా చెప్పవలసింది ఎండీసీయే. చెప్పి, ఆ చట్టం రాకముందే ప్రభుత్వం పాత బాకీలు కట్టక ఆ సంస్థల దగ్గర పరపతి పోగొట్టుకొన్నదన్న రెండో నిజాన్ని కూడా చెప్పవలసింది. మొదటిది దాచినందువల్ల రెండోదానికి విలువ లేకుండా పోయింది. మందుల కొరత నుంచి నోట్ల విలువ పతనం దాకా ప్రతిదానికీ ఆంక్షలే కారణమని అధికార పక్షం చెబుతూ ఉంటే, ఎండీసీ ఎప్పుడూ జవాబు చెప్పుకొనే స్థితిలోనే ఉండిపోయింది.

2008 సెప్టెంబరులో కుదిరిన అధికార పంపిణీ ఒప్పందంలో, ఆంక్షల తొలగింపునకు అన్ని పక్షాలూ కలిసి కృషి చేయాలన్న మాట చేర్చారు. ఆ తర్వాత ముగాబే పక్షం ప్రతి సంస్కరణకూ ఆ మాటనే అడ్డు పెట్టింది. మీరు ముందు ఆంక్షలు తీయించండి, తక్కినవి తర్వాత చూద్దామన్నది. ఆంక్షలను తీసే అధికారం ఎండీసీ చేతిలో ఉన్నట్టుగా ఆ పార్టీయే సంతకం చేసిన కాగితంలో ఉన్నప్పుడు, ప్రజలు నమ్మకుండా ఎలా ఉంటారు? మిగిలిన దేశాల అనుభవం తెలిసినవారు చెప్పగలరని కోరుతున్నాను.

టెక్కలి చదువరి

మాస్టారూ, ఆంక్షలన్నిటినీ ఒకే గాటన కట్టకుండా చూడాలని నా మనవి. వ్యక్తుల ఆస్తులు స్తంభింపజేయడం ఒకటి, ఒక దేశపు ఎగుమతులను ఆపడం మరొకటి, రావలసిన నిధులను నిలిపివేయడం ఇంకొకటి. ప్రతిపక్షం మాట్లాడటానికి ఎక్కువ వీలున్నది ఈ చివరి దానిలో.

పోలండ్‌నే తీసుకోండి. న్యాయవ్యవస్థ స్వతంత్రతను దెబ్బతీస్తున్నదని 2017 డిసెంబరులో ఐరోపా కమిషన్ ఆ దేశంపై ఐరోపా సమాఖ్య ఒప్పందంలోని ఏడవ అధికరణం కింద చర్య మొదలుపెట్టింది. ఆ తర్వాత కోవిడ్ అనంతర పునరుద్ధరణ నిధులను కూడా నిలిపివేసింది. అప్పటి ప్రతిపక్ష నాయకుడు డొనాల్డ్ టస్క్ 2023 ఎన్నికల ప్రచారంలో ఆ నిధులను తెచ్చే బాధ్యత తనదని ఓటర్లకు చెప్పారు. డబ్బు ఎక్కడ ఆగింది, ఎందుకు ఆగింది, న్యాయమూర్తుల నియామక విధానంలో ఏది మారితే విడుదలవుతుంది అన్నవి ఎవరైనా పరిశీలించి చూసుకోగల విషయాలు. ఎన్నికల తర్వాత 2024 ఫిబ్రవరిలో దాదాపు 13,700 కోట్ల యూరోలకు దారి తెరుచుకుంది. హంగరీలో ప్రతిపక్షంలో ఉన్న పేటర్ మజ్యార్ కూడా 2024 నుంచి ఇదే తరహా వాదనను వాడారు. ఐరోపా నిధులు ఆగిపోవడానికి కారణం ఇంట్లోని అవినీతి అన్నది ఆయన వాదన.

నా దృష్టిలో ఇక్కడ ముఖ్యమైనది ఒకటే: షరతు స్పష్టంగా, దేశంలోని వారి చేతుల్లో తీరేదిగా ఉండాలి. అలా లేనప్పుడు ప్రతిపక్షం ఎంత బాగా మాట్లాడినా వినేవారికి అది పరాయి దేశపు ఉత్తర్వులాగే వినిపిస్తుంది.

పలాస పాఠకురాలు

మీ ఇద్దరి ఉదాహరణల్లోనూ ప్రతిపక్షం ఆంక్షల పక్కన నిలబడి వివరణ ఇస్తున్నది. ఆంక్షలు కావాలని తానే ముందుండి అడిగి, దాని భారాన్ని తన మీద వేసుకొన్న ఉద్యమం ఒకటి ఉన్నది. దక్షిణాఫ్రికాను వదిలి ఈ చర్చ సాగదని అనుకుంటున్నాను.

ఆఫ్రికన్ నేషనల్ కాంగ్రెస్ అధ్యక్షుడు ఆల్బర్ట్ లుతూలీ 1959 ప్రాంతంలోనే తమ దేశపు సరుకులను బహిష్కరించమని ప్రపంచాన్ని కోరారు. బహిష్కరణ వల్ల ముందుగా బాధపడేది నల్లజాతి కార్మికులేనని పాలకులు అన్నప్పుడు, ఆయన దాన్ని కాదనలేదు. బాధ ఉంటుంది, రక్తపాతం రోజులు తగ్గితే ఆ బాధను భరించడానికి సిద్ధంగా ఉన్నామని చెప్పారు. ఆయన మాటకు బలం అక్కడి నుంచే వచ్చింది. నష్టం లేదని చెప్పిన నాయకుడిని నష్టపోయిన మనిషి మళ్లీ నమ్మడు. నష్టం ఉన్నదని ముందే ఒప్పుకొన్న నాయకుడితో కనీసం వాదిస్తాడు.

అందరూ ఆయనతో ఏకీభవించలేదన్నది కూడా గుర్తుంచుకోవాలి. పార్లమెంటులో వర్ణవివక్షను ఒంటరిగా ఎదిరించిన హెలెన్ సుజ్మన్ ఆర్థిక ఆంక్షలను వ్యతిరేకించారు. జూలూ నాయకుడు బుతెలేజీ కూడా వ్యతిరేకించారు. డెస్మండ్ టూటూ ఆంక్షలు కావాలన్నారు. 1986లో అమెరికా కాంగ్రెస్ రీగన్ వీటోను తోసిపుచ్చి ఆంక్షల చట్టం చేసినప్పుడు ఈ రెండు పక్షాల వాదనలూ ఆ సభ ముందున్నాయి. మన దేశం మాత్రం 1946లోనే దక్షిణాఫ్రికాతో వ్యాపారం నిలిపివేసింది, ఇంకా స్వాతంత్ర్యం కూడా రాకముందే.

నాకు అన్నిటికన్నా విలువైనదిగా కనిపించేది ముగింపు. 1990 ఫిబ్రవరిలో జైలు నుంచి బయటికి వచ్చిన రోజునే మండేలా, ఆంక్షలను అప్పుడే సడలించవద్దని ప్రపంచాన్ని కోరారు. 1993 సెప్టెంబరు 24న ఐక్యరాజ్య సమితిలో, ఇక ఎత్తివేయవచ్చని ఆయనే ప్రకటించారు. అడిగినవారే ఆపమని చెప్పారు. ఆంక్షల తాళం ఎవరి దగ్గర ఉన్నదో ప్రజలకు కనిపించింది. చాంగిరాయ్‌కు దొరకనిది అదే కదా, మాస్టారూ?

ఉద్దానం రైతుబిడ్డ

పెద్దలకు నమస్కారం. నేను బెలారుస్ గురించి రాస్తాను, అది మా పొలం గట్టు దాకా వచ్చింది గనుక.

మన దేశంలో వాడే పొటాష్ అంతా దిగుమతే. ప్రపంచ పొటాష్ ఎగుమతుల్లో దాదాపు ఐదోవంతు బెలారుస్‌ది. 2020 ఆగస్టు ఎన్నికల తర్వాత లుకషెంకో ప్రభుత్వం వేలమందిని నిర్బంధించింది. 2021 మేలో ఒక పాత్రికేయుడిని పట్టుకోవడానికి ప్రయాణికుల విమానాన్నే దారి మళ్లించి దింపింది. ఆ తర్వాత ఐరోపా, అమెరికా ఆంక్షలు పొటాష్ దాకా వచ్చాయి. 2022 ఫిబ్రవరి నుంచి లిథువేనియాలోని క్లైపెడా రేవు గుండా బెలారుస్ పొటాష్ వెళ్లడం ఆగిపోయింది. అదే నెలలో ఉక్రెయిన్ యుద్ధం కూడా మొదలయింది. అంతకుముందు వెయ్యి రూపాయలకు అటూ ఇటుగా ఉన్న బస్తా ఆ ఏడాది 1,700 దాకా వెళ్లింది. కొబ్బరికి పొటాష్ తగ్గిస్తే కాయ ఎలా ఉంటుందో ఉద్దానంలో ఎవరినడిగినా చెబుతారు. ధర పెరగడానికి ఆంక్షలొక్కటే కారణమని నేను అనడం లేదు. ఏ కారణానికి ఎంత వాటా అని రైతు లెక్క కట్టలేడు, ఎవరు ముందుగా వచ్చి చెబితే ఆ లెక్కే నిలుస్తుంది అంటున్నాను.

సోలిగోర్స్క్ గనుల్లో పనిచేసేవారి పరిస్థితి ఇంకా కష్టం. 2020లో వారిలో చాలామంది ప్రజాస్వామ్యం కోసం సమ్మె చేశారు, ఉద్యోగాలు పోగొట్టుకొన్నారు. అదే గని మీద ఆంక్షలు పెట్టమని తమ నాయకులే కోరినప్పుడు వారికి ఏమని నచ్చజెప్పాలి? పైగా ఆంక్షలకు పిలుపునివ్వడాన్నే నేరంగా చేస్తూ 2021లో చట్టం సవరించారు. 2020లో లుకషెంకోపై పోటీ చేసి, ఇప్పుడు ప్రవాసంలో ఉన్న స్వియత్లానా సిఖనౌస్కయాకు 2023 మార్చిలో ఆమె గైర్హాజరీలోనే 15 ఏళ్ల శిక్ష విధించారు. దేశం బయట ఉన్నవారు మాట్లాడగలరు, లోపల ఉన్నవారు తలకూడా ఊపలేరు. అందువల్ల బయటివారు లోపలివారి పేరు మీద మాట్లాడేటప్పుడు వారి ప్రాణాలకు కూడా బాధ్యత వహించాలి.

నెల్లిమర్ల దారి

రైతుబిడ్డ గారు అడిగిన ప్రశ్నను నేను కార్మికుల వైపు నుంచి చూస్తాను. మాది జూట్ మిల్లు మీద బతికిన కుటుంబం. మిల్లు లాకౌట్ అయినప్పుడు గేటు దగ్గర నిలబడిన మనిషి మొదట అడిగేది తప్పు ఎవరిదని కాదు, గేటు ఎప్పుడు తీస్తారని. యూనియన్ నాయకుడు తేదీ చెప్పలేకపోయినా, ఏ అంశం మీద బేరం ఆగిందో, రేపు ఎవరిని కలవబోతున్నారో చెబితే జనం ఉంటారు. యాజమాన్యాన్ని తిట్టి ఊరుకొంటే పది రోజుల్లో చెదిరిపోతారు.

కంబోడియాలో ఇదే జరిగిందని నా అవగాహన. 2017 సెప్టెంబరులో ప్రతిపక్ష నాయకుడు కెమ్ సోఖాను అరెస్టు చేశారు, నవంబరులో సుప్రీంకోర్టు ఆయన పార్టీనే రద్దు చేసింది. దాంతో ఐరోపా సమాఖ్య, సుంకాలు లేకుండా సరుకు పంపే వెసులుబాటును పునరాలోచించడం మొదలుపెట్టింది. 2020 ఆగస్టు నుంచి, ఐరోపాకు వెళ్లే కంబోడియా ఎగుమతుల్లో సుమారు ఐదోవంతుకు, అంటే వంద కోట్ల యూరోల విలువైన సరుకుకు ఆ వెసులుబాటు పోయింది. ఆ దేశంలో లక్షలాది మంది, అందులో ఎక్కువమంది ఆడవాళ్లు, దుస్తుల ఫ్యాక్టరీల మీద బతుకుతున్నారు. వెసులుబాటు తీసేస్తే ప్రతిపక్షం అంతమవుతుందన్న ధోరణిలో ప్రధాని హున్ సెన్ 2019 జనవరిలోనే బహిరంగంగా హెచ్చరించారు. కార్మికుల జీతాన్ని, ప్రతిపక్షం ప్రాణాన్ని ఒకే తాడుకు కట్టి చూపించారు.

మరో ప్రతిపక్ష నాయకుడు సామ్ రెయిన్సీ ప్రవాసంలో ఉండి, ఈ పరిస్థితికి కారకుడు హున్ సెనేనని, కెమ్ సోఖాపై కేసు ఎత్తివేస్తే అంతా సరిపోతుందని వాదించారు. వాదనలో తప్పు లేదు. అది ఎవరి నోటి నుంచి, ఎక్కడి నుంచి వచ్చిందన్నదే చిక్కు. పారిస్‌లో ఉన్న నాయకుడు నామ్ పెన్‌లో కుట్టుమిషను ముందు కూర్చున్న అమ్మాయికి ఓపిక పట్టమని చెప్పడం కష్టం. పాఠకురాలు గారు చెప్పిన లుతూలీ తన ప్రజల మధ్యనే, నిర్బంధంలో ఉండి ఆ మాట అన్నారు.

బొబ్బిలి కోట వీధి

నాకు ఈ చర్చ మొత్తం మీద మౌలికమైన అభ్యంతరం ఉన్నది, మర్యాదగానే చెబుతాను. తన దేశ ప్రభుత్వాన్ని దండించమని పరాయి ప్రభుత్వాన్ని కోరే పార్టీ ఎంత నేర్పుగా మాట్లాడినా ప్రజల మనసులో ఒక మెట్టు దిగిపోతుంది. పోలండ్‌లో 1792లో రష్యా రాణిని ఆహ్వానించిన తర్గోవిత్సా ప్రభువుల పేరు ఈనాటికీ ద్రోహానికి మారుపేరు. 2017 నవంబరులో, పోలండ్‌ను విమర్శించే ఐరోపా పార్లమెంటు తీర్మానానికి ఓటు వేసిన ఆరుగురు పోలండ్ సభ్యుల ఫొటోలను కటోవిత్సే నగరంలో ఉరికొయ్యలకు వేలాడదీశారు. అది అమానుషం, కానీ ఆ కోపం ఎక్కడి నుంచి వచ్చిందో తెలుసుకోవాలి.

రెండో అభ్యంతరం, ఆంక్షలు విధించేవారి నిజాయితీ గురించి. 2013లో ఈజిప్టులో సైన్యం ఎన్నికైన అధ్యక్షుడిని దించివేస్తే, అమెరికా ఆ ఏడాది అక్టోబరులో సైనిక సహాయంలో కొంత భాగం ఆపి, 2015 మార్చిలో తిరిగి ఇచ్చేసింది. హరారేకు ఒక న్యాయం, కైరోకు ఒక న్యాయమా అని జింబాబ్వే ఓటరు అడిగితే చాంగిరాయ్ దగ్గర ఏం జవాబుంది? ఆఫ్రికా దక్షిణ ప్రాంత దేశాల అభివృద్ధి సంఘానికి చెందిన పొరుగు దేశాలే 2019 నుంచి అక్టోబరు 25ను జింబాబ్వే ఆంక్షల వ్యతిరేక దినంగా పాటిస్తున్నాయి. ఆ పొరుగువారిని కూడా ఒప్పించలేని వాదన ఓటరును ఎలా ఒప్పిస్తుంది?

మన అత్యవసర పరిస్థితి రోజులు గుర్తుచేసుకోండి. 1976లో జార్జి ఫెర్నాండెజ్‌ను అరెస్టు చేసినప్పుడు ఐరోపా సోషలిస్టు నాయకులు విల్లీ బ్రాంట్, బ్రూనో క్రైస్కీ, ఉలోఫ్ పాల్మే ఆయన ప్రాణాలకు హాని జరగకూడదని ఇందిరాగాంధీని కోరారు. ఒక మనిషి కోసం విన్నపం చేయడం వేరు, దేశం మీద ఆర్థిక శిక్ష కోరడం వేరు. 1977 ఫలితం మన ఓటర్లు ఇచ్చినది.

నిర్వాహకుడు

సభ్యులకు మనవి. అత్యవసర పరిస్థితి ప్రస్తావన వచ్చింది గనుక, దాని మీదుగా నేటి మన పార్టీల తగాదాల్లోకి వెళ్లవద్దు. ఆ దారి పట్టిన రెండు వ్యాఖ్యలను తొలగించాను. ఇతర దేశాల అనుభవంపై చర్చ సాగనివ్వండి.

గజపతినగరం మాస్టారు

బొబ్బిలి వారి అభ్యంతరం గట్టిది, దానికి సెర్బియాలో ఒక జవాబు దొరుకుతుంది.

1999 కొసావో యుద్ధం తర్వాత మిలోసెవిచ్ పాలనలోని సెర్బియాపై చమురు నిషేధం, విమాన రాకపోకల నిషేధం ఉన్నాయి. చలికాలం ముంచుకొచ్చింది. ప్రతిపక్షం చేతిలో ఉన్న నిష్, పిరోత్ నగరాల మేయర్లు, ఆర్థికవేత్తలు ఐరోపా సమాఖ్యను ఒప్పించి తమ నగరాలకు వేడి కోసం చమురు తెప్పించుకొన్నారు. ఆ ట్యాంకర్లను మిలోసెవిచ్ ప్రభుత్వపు కస్టమ్స్ అధికారులు సరిహద్దులో నిలిపివేశారు. అంతవరకూ ప్రభుత్వం చెప్పిన కథ, చలిలో మిమ్మల్ని చంపుతున్నది ఐరోపా అని. చమురును సరిహద్దులో ఆపినది ఎవరో ఆ డిసెంబరులో నిష్ ప్రజలు కళ్లారా చూశారు. ఏ ప్రకటనా, ఏ కరపత్రమూ చేయలేని పని అది చేసింది. తర్వాత ఆ పథకం మరికొన్ని నగరాలకు విస్తరించింది. 2000 ఫిబ్రవరిలో ఐరోపా సమాఖ్య విమాన నిషేధాన్ని తాత్కాలికంగా సడలించి, అదే సమయంలో మిలోసెవిచ్ మనుషుల ప్రయాణ నిషేధ జాబితాను పెంచింది. ప్రతిపక్షం కోరినదీ ఇటువంటిదే: ప్రజల మీద తగ్గించండి, పాలకుల మీద పెంచండి.

ఆ ఏడాది 18 పార్టీలు ఒక్కటై అభ్యర్థిగా నిలిపిన వోయిస్లావ్ కొష్తునిత్సా నాటో బాంబు దాడులను, ఆంక్షలను రెండింటినీ విమర్శించినవారు. మిలోసెవిచ్ అక్టోబరు 2న టెలివిజన్లో ప్రతిపక్షమంతా విదేశీ ఏజెంట్లన్నారు, కానీ ఆ ముద్ర కొష్తునిత్సాకు అంటలేదు. అక్టోబరు 5న పాలన కూలిపోయింది. నాలుగు రోజుల్లో ఐరోపా సమాఖ్య చమురు నిషేధాన్ని, విమాన నిషేధాన్ని ఎత్తివేసింది. అంటే ఆంక్షలను ఎదిరిస్తూనే, ఆంక్షలు పోవాలంటే పాలన మారాలని ఓటరుకు చెప్పవచ్చు. బొబ్బిలి వారు కోరే ఆత్మగౌరవం ఇందులో ఎక్కడ తగ్గింది?

రంగం మనవడు

మా తాతగారి తరంలో మా ఊరి నుంచి రంగం (బర్మాలోని రంగూన్) వెళ్లని ఇల్లు తక్కువ. 1962లో నెవిన్ సైనిక పాలన వచ్చి వ్యాపారాలను జాతీయం చేశాక మావాళ్లు ఓడలెక్కి తిరిగి వచ్చారు. అందువల్ల ఆ దేశపు వార్తలు మా ఇంట్లో ఎవరూ పరాయి వార్తలుగా చదవరు.

అక్కడి ప్రతిపక్ష నాయకురాలు ఆంగ్ సాన్ సూకీ 1990ల్లో విదేశీ పెట్టుబడులు రావద్దని, 1996ను పర్యాటక సంవత్సరంగా సైనిక ప్రభుత్వం ప్రకటించినప్పుడు పర్యాటకులు కూడా రావద్దని చెప్పారు. 2003లో దెపాయిన్‌లో ఆమె వాహనాల వరుసపై దాడి జరిగాక అమెరికా బర్మా దిగుమతులను నిషేధించింది, దుస్తుల ఫ్యాక్టరీల్లో వేలాది మంది పని పోయింది. 1989 నుంచి 2010 వరకు ఉన్న 21 ఏళ్లలో దాదాపు 15 ఏళ్లు ఆమె నిర్బంధంలోనే ఉన్నారు. ఆ ఏళ్లలో ఆమె మాటను బయట ప్రవాసులు వినిపించారు, లోపల ప్రభుత్వ పత్రికలు వక్రీకరించి వినిపించాయి. రెండింటికీ మధ్య ఆమె అసలు ఉద్దేశం ఏమిటో తెలియని దశలు ఉన్నాయి. 2009లో నిర్బంధం నుంచే సైనిక పాలకుడు తాన్ ష్వేకు లేఖ రాసి, ఆంక్షల తొలగింపునకు సహకరిస్తానన్నారు. విడుదలయ్యాక, 2011 ఫిబ్రవరిలో ఆమె పార్టీ ఒక పత్రం వెలువరించి, ప్రజల కష్టాలకు ప్రధాన కారణం ఆంక్షలకన్నా సైన్యపు అస్తవ్యస్త నిర్వహణేనని వాదించింది. ఇరవై ఏళ్ల తర్వాతనైనా తమ వాదనను కాగితం మీద పెట్టి, దేశంలో ఉన్నవారు చర్చించడానికి వీలు కల్పించారు. 2012 ఉప ఎన్నికల తర్వాత సడలింపులు, 2016లో ఆమె వాషింగ్టన్ వెళ్లినప్పుడు ఒబామా ప్రకటన, ఇవన్నీ ఆమె సమ్మతి చూసుకొనే జరిగాయి.

2021 ఫిబ్రవరి సైనిక కుట్ర తర్వాత సైన్యానికి వ్యతిరేకంగా ఏర్పడిన జాతీయ ఐక్యతా ప్రభుత్వం ఆ పాఠం నేర్చుకొన్నదని నాకనిపిస్తున్నది. వారు దుస్తుల ఫ్యాక్టరీల జోలికి ముందుగా పోలేదు. సైన్యానికి డాలర్లు తెచ్చే చమురు, సహజవాయు సంస్థ ఎంఓజీఈని వేలెత్తి చూపారు. ఐరోపా సమాఖ్య 2022 ఫిబ్రవరిలో దానిపై ఆంక్షలు విధించింది, అమెరికా 2023 చివర్లో దానికి ఆర్థిక సేవలు అందకుండా నిషేధించింది. సైన్యం చేతికి ఈ డబ్బు ఇలా వస్తున్నది, దాన్ని ఆపండి అన్న మాట గ్రామస్థుడికి కూడా అర్థమవుతుంది. ఆ గ్యాసు క్షేత్రాల్లో ఒకటైన ష్వేలో మన ప్రభుత్వ రంగ సంస్థలకు కూడా వాటాలున్నాయి. ఈ విషయం మన తెలుగు పత్రికల్లో ఎంత తక్కువగా కనిపిస్తుందో చూస్తే నాకు బాధ కలుగుతుంది.

టెక్కలి చదువరి

రంగం మనవడు గారు చెప్పినట్టు ఒక్క గొంతుతో మాట్లాడలేకపోతే ఏమవుతుందో వెనిజులాలో చూడవచ్చు.

అక్కడ ఆర్థిక వ్యవస్థ 2014 నుంచే కుంగిపోతున్నది. ఆర్థిక ఆంక్షలు వచ్చింది 2017 ఆగస్టులో, ప్రభుత్వ చమురు సంస్థపై ఆంక్షలు 2019 జనవరిలో. ఈ క్రమాన్ని స్పష్టంగా చెబితే చాలు, ప్రతిపక్షానికి బలమైన వాదన ఉండేది. కానీ ప్రతిపక్షంలోనే ఖువాన్ గ్వాయిదో వర్గం ఆంక్షలను సమర్థించింది, ఎన్రి ఫాల్కోన్ వంటివారు వ్యతిరేకించారు. 2022లో సడలింపు కోరుతూ కొందరు ప్రముఖులు బైడెన్‌కు లేఖ రాస్తే, సడలించవద్దని ఇంకొందరు మరో లేఖ రాశారు. ఓటరు ఏ లేఖను నమ్మాలి? 2023 అక్టోబరులో బార్బడోస్‌లో కుదిరిన ఒప్పందంతో మొదటిసారి లెక్క సూటిగా కనిపించింది: ఎన్నికల హామీలకు బదులుగా ఆరు నెలల చమురు సడలింపు. 2024 జనవరిలో ప్రతిపక్ష నాయకురాలు మరియా కొరీనా మచాదో పోటీపై నిషేధాన్ని అక్కడి సుప్రీంకోర్టు ఖరారు చేసింది, ఏప్రిల్‌లో అమెరికా సడలింపును పొడిగించలేదు. ఏ హామీ తప్పినందుకు ఏది పోయిందో ఎవరైనా చెప్పగలిగారు.

బొబ్బిలి కోట వీధి

మాస్టారు చెప్పిన సెర్బియా ఉదాహరణ నాకు నచ్చింది, కానీ అది నా వాదనకే బలం. కొష్తునిత్సా గెలిచినది ఆంక్షలను అడిగి కాదు. అడగకుండానే, వాటి బరువు ఎవరి వల్ల వచ్చిందో చూపించారు. బార్బడోస్ ఒప్పందంలోనూ అప్పటి వెనిజులా అధ్యక్షుడు మడురో తిరిగి కోర్టు ద్వారానే మాట తప్పారు. షరతు స్పష్టంగా ఉంటే చాలదు, షరతు తప్పినప్పుడు దెబ్బ ఎవరి మీద పడుతుందన్నది కూడా చూడాలి. చమురు డబ్బు ఆగితే ముందు ఆగేది పాలకుడి భోజనం కాదు.

పలాస పాఠకురాలు

బొబ్బిలి గారు, దెబ్బ ఎవరి మీద పడుతుందన్న ప్రశ్న న్యాయమైనదే. అందుకే సడలింపు సమయంలో మాట్లాడటం, విధింపు సమయంలో మాట్లాడటం కన్నా కష్టమని నాకనిపిస్తున్నది. రైతుబిడ్డ గారి బెలారుస్‌కే తిరిగి వస్తాను.

2025 సెప్టెంబరులో బెలారుస్ 52 మంది ఖైదీలను విడుదల చేసింది, అమెరికా ఆ దేశపు విమాన సంస్థపై ఆంక్షలు సడలించింది. డిసెంబరులో 123 మంది విడుదలయ్యారు; వారిలో నోబెల్ శాంతి బహుమతి గ్రహీత అలెస్ బియాలియాత్స్కీ, 2020 ఉద్యమ నాయకురాలు మరియా కొలెస్నికోవా ఉన్నారు. బదులుగా అమెరికా పొటాష్‌పై ఆంక్షలు ఎత్తివేసింది. ఇక్కడ ప్రతిపక్షం ఏమని చెప్పాలి? మనుషులను సరుకుకు మారకం వేస్తున్నారని ఖండిస్తే, జైలు గేటు ముందు ఎదురుచూస్తున్న తల్లుల ముఖం ఎలా చూస్తుంది? సంతోషించి ఊరుకొంటే, ఖాళీ అయిన గదుల్లోకి రేపు కొత్తవారిని తెచ్చి మళ్లీ బేరం పెడితే ఎవరు అడ్డుకొంటారు?

సిఖనౌస్కయా తీసుకొన్న వైఖరి నాకు ఆలోచించదగినదిగా కనిపించింది. అమెరికా ఆంక్షలు మనుషుల విడుదలకు పనికివస్తే రానివ్వండి, ఐరోపా ఆంక్షలు మాత్రం వ్యవస్థ మారేదాకా, అణచివేత ఆగేదాకా ఉండాలి అన్నది దాని సారం. రెండు తాళాలు, రెండు షరతులు. ఆమె భర్త కూడా 2025 జూన్‌లో ఇటువంటి విడుదలలోనే బయటికి వచ్చారు గనుక, ఆ మాట అనడానికి ఆమెకు ఎంత నిగ్రహం కావలసి వచ్చిందో ఊహించగలను.

ఉద్దానం రైతుబిడ్డ

పాఠకురాలు గారికి ధన్యవాదాలు. ఒక్క విషయం చేరుస్తాను. అమెరికా ఎత్తివేసినా ఐరోపా ఆంక్షలు అలాగే ఉన్నందువల్ల బెలారుస్ పొటాష్‌కు క్లైపెడా రేవు ఇంకా మూసే ఉన్నది. లుకషెంకో పొటాష్ ఇప్పటికీ రష్యా రైళ్ల మీద, రష్యా రేవుల మీద ఆధారపడి బయటికి వస్తున్నది. అందువల్ల సోలిగోర్స్క్ కార్మికుడికి వినిపించే మాటలు రెండు. ఐరోపా పొరుగువారు మన దారి మూశారని ప్రభుత్వం చెబుతుంది. మనల్ని రష్యా చేతిలో పెట్టింది లుకషెంకోయే, మిగిలిన ఖైదీలను వదిలి అణచివేత ఆపితే ఆ రేవు తెరుచుకుంటుందని ప్రతిపక్షం చెప్పాలి. రెండో మాటను గని దాకా చేర్చే పత్రికగానీ యూనియన్‌గానీ ఇప్పుడు అక్కడ బతికి లేదు, స్వతంత్ర కార్మిక సంఘాలను 2022లోనే కోర్టు మూసివేసింది. ఆ మాట ఏ దారిన చేరుతుందో నెల్లిమర్ల వారికి యూనియన్ అనుభవం ఉన్నది గనుక, వీలు చూసుకొని రాయగలరని కోరుతున్నాను.